లీవ్ పెట్టిన రోజుల వంట

జితేందర్ టీ తాగిన కప్పు తనే కడిగి బోర్లించాడు. పదిహేనేళ్ళ కాపురంలో ఇది రెండోసారి. మొదటిసారి, నన్నొక్క మాటైనా అడక్కుండా అమెరికాలో ఈ కమ్మింగ్ అనే ఊళ్ళో ఇల్లు బుక్ చేసొచ్చిన రోజు. అందుకే ఏదో ఉందని అప్పుడే అనుకున్నాను.

"పదింటికి నైనిక వస్తది. నిన్ను కూడా ఇంటర్వ్యూ చేస్తదంట. ఎక్కువ చెప్పకు చంద్రికా. సేవ చేస్తే మనసుకు హాయిగుంటది, అంతే," అన్నాడు.

నైనిక ఇక్కడే పుట్టిన పిల్ల, యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. గుళ్ళూ చర్చిలూ పేదవాళ్ళకి అన్నం పెడితే ఆ శ్రమ ఎవరిది, ప్రభుత్వం సాయమిస్తే ఎవరిని నమ్మి ఇవ్వాలి అన్నది ఆమె విషయం. ఆర్నెల్లుగా మా గుడి వంటగది షీట్ చూస్తోంది. అది ఆన్‌లైన్‌లో ఉంటుంది. శనివారం ఉదయం అందరం అందులో పేర్లు, గంటలు రాసుకుంటాం. జితేందర్ గుడి కమిటీ సెక్రటరీ. నేను ప్రసాదాలు వండే పదకొండు మంది ఆడవాళ్ళలో ఒకదాన్ని, నైనిక వాళ్ళమ్మా అందులో ఉంది. ఈసారి కిచెన్ కోఆర్డినేటర్‌గా ఉంటానని పేరిచ్చాను. రేపే కమిటీ తేలుస్తుంది.

ఆ పిల్ల మీద కూడా నాకు అనుమానమే. నేనూ ఎం.ఏ. సోషియాలజీ వెలగబెట్టి, బస్తీల్లో ఇంటింటికీ ప్రశ్నల కాగితాలతో తిరిగినదాన్నే. అడిగేవాళ్ళు తమకి కావలసిందే వింటారని నాకు తెలుసు.

నైనిక వంటింట్లో కూర్చుని లాప్‌టాప్ నా వైపు తిప్పింది. "ఆంటీ, ఒక ఫైండింగ్ ఉంది. రాంగ్ అయితే చెప్పండి. మెన్ రెగ్యులర్‌గా వస్తారు. లేడీస్ ప్రతి మంత్ ఫోర్, ఫైవ్ డేస్ లీవ్. ఎందుకని అడిగితే, లేడీస్‌కి కన్సిస్టెన్సీ తక్కువ అన్నారు అంకుల్."

"ఏ అంకుల్?"

ఆమె హాల్లోకి చూసింది. అక్కడ సోఫాలో టకటకలాడుతున్న కీబోర్డు ఆగిపోయింది.

ఓరి నీ ఇల్లు బంగారంగానూ! కన్సిస్టెన్సీ తక్కువట! ఆ లీవ్ ఎందుకో షీట్‌లో ఎవ్వరం రాయం, తెలియనివాళ్ళు మాత్రం కమిటీలో లేరు. ఆ రోజుల్లో మేం గుడి వంటగది గడప తొక్కకూడదు. కానీ ఇళ్ళు లేనివాళ్ళుండే షెల్టర్‌కి పంపే భోజనం దేవుడికి నైవేద్యం పెట్టేది కాదు, ఇళ్ళల్లోనే వండాలి. మా అత్తగారు రాజేశ్వరమ్మ వీడియో కాల్‌లో ఎంత తేలిగ్గా తేల్చేసిందో! "ఆ దినాలు నువ్వు ఎట్లాగూ గుడికి పోవు గదా బిడ్డా, ఖాళీనే. ఆకలిగొన్నోళ్ళకు వండు, పుణ్యం. వాళ్ళకు గీ పట్టింపులుండయ్." ఖాళీనే! పొత్తికడుపు మెలిపెడుతుంటే, వేడినీళ్ళ సంచీ నడుముకి కట్టుకుని వంద చపాతీలు ఒత్తేదాన్ని. జితేందర్ ట్రేలు కార్‌లో పెట్టుకుని వెళ్ళి, షెల్టర్ ముందు ఫొటో దిగి వచ్చేవాడు.

"షెల్టర్ వంట ఎవరి పేరున ఉందమ్మా?" అన్నాను.

"జితేందర్ అంకుల్. మంత్‌కి ట్వెంటీ ఫోర్ అవర్స్. హైయెస్ట్." తేదీలు వెతుకుతున్న ఆమె వేలు ఆగిపోయింది. "ఆంటీ... మీ లీవ్, అంకుల్ అవర్స్... సేమ్ డేట్స్!"

"మీ అమ్మ కూడా లీవ్ పెడుతుందిగా. ఎందుకో ఎప్పుడైనా అడిగావా?"

ఆమె మొహం ఎర్రబడింది. "రెస్ట్ తీసుకుంటుంది అనుకున్నా."

జితేందర్ గుమ్మంలోంచి సైగ చేశాడు. వెళ్ళాను. "గివన్నీ బయట చెప్పే ముచ్చట్లా? రికార్డ్ అయితది. సిగ్గుండాలె," అన్నాడు గొంతు తగ్గించి.

"నా కడుపునొప్పిని నీ గంటలుగా రాసుకున్నప్పుడు నీకు రాలేదేం, ఆ సిగ్గు?"

అతను నవ్వాడు. "సరే, కోఆర్డినేటర్ నువ్వే. రేపు కమిటీలో నేను మాట్లాడుతా. ఆ పిల్లకు మాత్రం ఏం చెప్పకు."

కప్పు కడిగింది ఇందుకన్నమాట. ఒక్క క్షణం ఆశ పుట్టింది, అబద్ధమెందుకు. మూడేళ్ళుగా కోరుకున్న పని అది. కానీ ఈ మనిషి చేత్తో ఇస్తే, ఆ పని కూడా అతని పేరునే ఉంటుంది.

వంటింట్లోకి వచ్చి, నైనిక చూస్తుండగానే ఫోన్‌లో షీట్ తెరిచాను. లీవ్ అన్న మాట పక్కన రాశాను: "నెలసరి. ఇంట్లో షెల్టర్ వంట. వంద చపాతీలు, శనగల కూర. ఆరు గంటలు. చంద్రిక."

"చంద్రికా!" జితేందర్ ఫోన్‌లోనూ కనబడినట్టుంది.

శనివారం ఉదయం కదా, అందరూ షీట్ తెరిచే ఉన్నారు; అంతలో అందులో మాతో ప్రసాదాలు వండే ఉమామహేశ్వరి గారి పేరు వెలిగింది. మడీ ఆచారం అంటే ప్రాణం పెట్టే మనిషి. నా గిన్నె తన గిన్నెకి తగిలితే మళ్ళీ కడిగే మనిషి. అయిపోయింది, చెరిపేస్తుంది అనుకున్నాను. చెరిపితే మళ్ళీ రాద్దామని ఫోన్ గట్టిగా పట్టుకుని నిలబడ్డాను.

ఆవిడ నా గడి దాటి కిందికి, తన లీవ్ దగ్గరికి వెళ్ళింది.

"నాదీ అదే. నూట ఇరవై ఇడ్లీలు. ఐదు గంటలు. పదకొండేళ్ళుగా."