అప్పన్నకి గుండు

మా అన్న పైడయ్యను పోలీసులు పట్టుకెళ్లింది ఒకే ఒక్క మాట మీద. అన్నది తెలుగులో, విన్నది తమిళ చెవి. ఎవరినీ తప్పు పట్టలేం గుణవతీ అని ఇప్పటికీ కొందరు నాకు నీతులు చెబుతుంటారు. పోయింది వాళ్ల అన్న కాదు కదా!

మలయా దేశం కెడాలో మా రబ్బరు తోట చివర చిత్తడిలో ఒక విమానం కూలి ఉండేది. ఒకదాని మీద ఒకటి రెండేసి రెక్కలు, వాటికి గుడ్డ తొడుగు. అమెరికాలో తయారైందట, కానీ వాళ్ల సైన్యం కోసం కాదు, పై దేశాలకు అమ్ముకోవడానికి. మా పక్క దేశం సయాం కొనుక్కుంది. యుద్ధంలో జపానువాళ్లు మా కెడాను తమ సొత్తయినట్టు సయాం చేతిలో పెట్టినప్పుడు, ఆ పాత విమానం కూడా ఇటొచ్చి ఒక వానరోజు మా చిత్తడిలో ముక్కు గుచ్చుకుంది. నడిపినవాడు నడుచుకుంటూ బయటికొచ్చి మంచినీళ్లడిగాడు. తరవాత సయాం సైనికులు వచ్చి తుపాకులూ తూటాలూ విప్పుకుపోయి, మిగతాది వదిలేశారు.

గుడ్డ దొరకని కాలమది. రెక్కల గుడ్డతో ఆడవాళ్లం రవికలు కుట్టుకున్నాం. ఎండెక్కితే ఆ గుడ్డకు పూసిన రంగు వాసనకు తల తిరిగేది. కొందరు రేకు కోసుకుని గరిటెలు చేయించుకున్నారు. మా అన్న ఖాళీ తూటాల పెట్టె ఒకటి తెచ్చుకున్నాడు, మూత గట్టిగా పడుతుందని. అంతకుమించి ఆ పెట్టెతో ఆయనకు పనిలేదు.

అన్నకు ఇద్దరు బిడ్డలు పుట్టి పోయారు. మూడోవాడు పుట్టగానే మా వదిన పోలమ్మ, వీడు నిలిస్తే గుండిస్తానని సింహాచలం అప్పన్నకు మొక్కుకుంది. పిల్లాడికి సింహాద్రి అని పేరు పెట్టారు. వాడు నిలిచాడు. మలయాలో పుట్టి పెరిగిన మాకు సింహాచలం వెళ్లే దారేది? తోటలోనే గుండు చేయించి, ఆ జుట్టు పసుపుగుడ్డలో చుట్టి, విమానం పెట్టెలో పెట్టి, ఇండియాకు ఓడెక్కుతున్న మా తోట కాంతయ్య చేతికిచ్చారు.

అప్పటికి అడవిలో తెల్లవాళ్ల మీద తుపాకులెత్తిన కమ్యూనిస్టులు, మా ఇళ్ల చుట్టూ ముళ్లకంచె. ఎవరి దగ్గర తూటా దొరికినా ఉరే. అలాంటి రోజుల్లో మా అన్న కల్లుకొట్టు దగ్గర సంతోషం పట్టలేక గొంతెత్తాడు.

"అప్పన్నకి గుండు ఇచ్చేసినాను! ఇమానం పెట్టెలో ఎట్టి కొండ మీదకి పంపేసినాను!"

పక్కన తోట కాపలా కాన్‌స్టేబుల్ కణ్ణన్ ఉన్నాడు. తమిళంలో గుండంటే తూటా. అప్పన్నంటే ఎవడో అడవిలో ఉన్నవాడు. కొండంటే ఇక చెప్పాలా, కమ్యూనిస్టులు దాక్కునేదే అక్కడ!

నేను తోట బడిలో తెలుగు పంతులమ్మను. అన్నను పట్టుకెళ్లారని వినగానే స్టేషనుకు పరుగెత్తి, గుండంటే మా భాషలో బోడితల, మీరనే మొట్టై అని కణ్ణన్‌కు తమిళంలో చెప్పాను. అతని మొహం పాలిపోయింది.

"అయ్యో టీచర్! నా చెవికి విన్నదే సొన్నేన్‌లా," అన్నాడు. విన్నదే చెప్పాడట.

తెల్ల అధికారి ముందు నా మాటలన్నీ అతనే ఇంగ్లీషులో చెప్పాడు. అప్పన్న ఎవరని అధికారి అడిగాడు. దేవుడన్నాను. ఎక్కడుంటాడన్నాడు. కొండ మీద అని నోరు జారాను. రాసుకుంటున్న అధికారి తలెత్తాడు. సముద్రం అవతల కొండ అని నేను ఎంత మొత్తుకున్నా, చివరికి ఒక్కటే అడిగాడు: దేవుడికి జుట్టు పంపేవాళ్లు తూటాల పెట్టెలో పంపుతారా? ఆ పెట్టె అప్పటికే నడిసముద్రంలో ఉంది. తెరిచి చూపించడానికి నా దగ్గరేముంది?

నమ్మలేదు, అలాగని నమ్మకుండానూ లేరు. ఉరి తప్పింది. ఇక్కడే పుట్టినట్టు మా అన్న దగ్గర కాగితం లేదు కాబట్టి, ఇండియాకు పంపేయమన్నారు.

పినాంగు రేవులో అన్న నా చెయ్యి వదల్లేదు.

"ఎప్పుడూ సూడని దేశం ఎల్లి నానేటి సెయ్యాల, గుణా? అప్పన్న మొక్కు తీర్చేసినాను గదా. మరి నన్నెందుకు రమ్మంతన్నాడే?"

మద్రాసులో దిగాడని ఎవరో చెప్పారు. ఆ తరవాత ఏ కబురూ లేదు. దేవుడి మీద కూడా నాకింకా కోపం పోలేదు.

వదిన మళ్లీ మొక్కుకుంది, మొగుడు తిరిగొస్తే పిల్లాడి జుట్టు తీయిస్తానని. ఈసారి గుండు అనలేదు. మా లయన్లలో, అంటే కూలీల ఇళ్ల వరసల్లో, ఆ మాట అనడం అందరూ మానేశారు. అందరూ మొట్టై అనేవారు.

తెల్లవాళ్లు దిగిపోయిన మెర్దేకా రోజున తోట ఆఫీసు ముందు కొత్త జెండా ఎగరేశారు. పిల్లలందరికీ మిఠాయిలు పంచారు. సింహాద్రి నడుము దాకా జడ వేలాడేసుకుని నా పక్కన నిలబడ్డాడు. బడిలో అందరూ వాడి జడ లాగి ఏడిపిస్తారు.

"అత్తా, మొట్టైకి మన తెలుగులో ఇంకో మాటుందంట గదా. పక్కింటి నరసమ్మ అమ్మమ్మ సెప్పింది. గుండంట. గుండంటే ఏటత్తా?"

గేటు దగ్గర కణ్ణన్, భుజాన తుపాకీతో, చేతిలో చిన్న కాగితం జెండాతో నిలబడి మావైపే చూస్తున్నాడు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. నేను తెలుగు పంతులమ్మను.

"తూటా రా," అన్నాను.