నిప్పు చూసిన గింజ

ఎడమచేత్తో కలిపిన జావ ఇంటికి అచ్చిరాదని, ఎల్స్పెత్ కాపురానికి వచ్చిన మర్నాడే అత్తగారు గ్రిజెల్ చెప్పేసింది. తెడ్డు కుడిచేతిలోనే ఉండాలి. పొద్దు తిరిగే వైపే అదీ తిరగాలి. ఎదురు తిప్పితే సైతాను గిన్నెలోకి దిగుతాడట. ఎల్స్పెత్‌దేమో పుట్టు ఎడమచేతివాటం. చిన్నప్పుడు బడిలో మేష్టారు ఆ చేతిని బెంచీకి కట్టేసి రాయించాడు. మళ్ళీ ఇక్కడ కట్టింది తాడుతో కాదు, మాటతో. అయినా ఆ అమ్మాయి ఎదురు చెప్పలేదు. కొత్త కోడళ్ళు ఎక్కడైనా కొత్త కోడళ్ళే కదా, అంగస్ కొండల్లో మాత్రం వేరే రకం పుడతారా.

అప్పట్నుంచీ ఇంట్లో అందరికంటే ముందు లేవడం, పొయ్యి రాజేయడం, నీళ్ళు తెర్లాక ఓట్స్ నూకని ఎడమ గుప్పిట్లోంచి ఇసుకలా జారుస్తూ కుడిచేత్తో తిప్పడం. చెయ్యి ఆగితే ఉండ కడుతుంది. ఉండ కడితే మొగుడు డూగల్ ఏమీ అనేవాడు కాదు, మంచివాడే. ఆ ఉండని తీసి పళ్ళెం అంచున, కోడి గుడ్డు పెట్టినంత జాగ్రత్తగా పెట్టేవాడు. అది అక్కడ అందరికీ కనబడుతూ ఉండేది. జావ నిలబడే తినాలన్నది ఆ ప్రాంతంలో పాత మాట. ఆ మాట మరిచిపోయి మగవాళ్ళు ఎప్పుడో కుర్చీలెక్కారు. అందరికీ పెట్టి, అడుగంటింది గోక్కుని, పొయ్యి పక్కనే నిలబడి తిని, ఎల్స్పెత్ ఒక్కతే ఆ ఆచారాన్ని కాపాడుకుంటూ వచ్చింది.

ఆ ఏడు జనవరిలో కోళ్ళకి బాల్టీలో మేత పట్టుకెళుతూ పెరట్లో గడ్డకట్టిన మంచు మీద జారిపడింది. కుడి మణికట్టు విరిగింది. డూగల్ పరుగెత్తుకొచ్చి లేవదీసి, ముందు ఆమెనే చూశాడు, ఏ మాటకామాటే చెప్పుకోవాలి. ఆ తరవాతే అన్నాడు, "బాల్టీ సొట్టపోయినట్టుందే."

పిండికట్టు వేయించుకొచ్చిన మర్నాడు పొద్దున్నే ఎల్స్పెత్ తెడ్డుని ఎడమచేతిలోకి తీసుకుంది.

"పెట్టెయ్ దాన్ని," అంది గ్రిజెల్ తన కుర్చీలోంచి. "పస్తులుంటాం గానీ ఆ చెయ్యి వద్దు."

"మరి మీరు కలుపుతారా అత్తా?"

గ్రిజెల్ తన కుడిచేతిని చూసుకుంది. కీళ్ళవాతంతో ఆ వేళ్ళు అల్లం కొమ్ముల్లా ముడులుపడి ఉన్నాయి. ఇద్దరూ డూగల్ వైపు చూశారు.

"నేను పాలు పిండాలా, జావ తిప్పాలా?" అన్నాడతను, టోపీ పెట్టుకుంటూ.

ఆ పూట రొట్టె, జున్నుతో గడిచింది. కానీ ఎల్స్పెత్ ఒంటికి ఓట్సే అలవాటు. సాయంత్రం పిండిపెట్టె తెరిచి, ఒక గుప్పెడు నూక గిన్నెలో వేసి, పాలు పోసి, అత్తగారు అటు తిరిగి కూర్చుని తురిమిచ్చిన ఆపిల్ కలిపి, చల్లగా ఉండే కిటికీ గట్టు మీద మూతపెట్టి ఉంచింది. పొద్దున్న చూస్తే నూక పాలన్నీ తాగి మెత్తబడింది. పొయ్యి దగ్గర పనేమీ లేదు, నిలబడాల్సిన అవసరమూ లేదు. కుర్చీ లాక్కుని కిటికీ దగ్గర కూర్చుంది.

డూగల్ వచ్చి గిన్నెలోకి తొంగిచూశాడు. "పచ్చి గింజలా? మన గుర్రానికి పెట్టేదీ ఇదేగా. చూస్తూ ఉండు, పచ్చి క్లోవర్ గడ్డి మేసిన ఆవులా పొట్ట ఉబ్బి పడిపోతావు. పశువుల డాక్టర్ని పిలిచి గాలి పోయేలా పొట్ట పొడిపించాల్సొస్తుంది."

నవ్వింది గానీ, ఆమెకీ లోపల బెదురు లేకపోలేదు. ఆ రోజంతా పొట్ట ఎటు కదిలినా వింటూనే ఉంది. ఏమీ కాలేదు సరిగదా, మధ్యాహ్నం దాకా ఆకలి కూడా వెయ్యలేదు. కట్టు చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు సిగ్గు విడిచి డాక్టరుని అడిగింది.

"ఎండు గింజ గుప్పిళ్ళతో మింగితేనే చిక్కమ్మా," అన్నాడాయన. "గొంతుకి అడ్డం పడుతుంది, పొట్టలో ఉబ్బుతుంది. బాగా నానితే మెత్తబడి సులువుగా అరుగుతుంది, వండినదాని బలమే దీనికీ ఉంటుంది. నమిలి తిను, నీళ్ళు బాగా తాగు."

ఇంక బెదురు పోయింది. రోజూ ఆమెకి అదే తిండి, అదే కుర్చీ; మిగతా ఇద్దరికీ రొట్టె, జున్ను. ఆ కిటికీలోంచి పొద్దు కొండ భుజం మీదుగా వస్తుందని ఎల్స్పెత్‌కి అప్పుడే తెలిసింది. ఇన్నేళ్ళూ అదే వేళకి ఆమె గిన్నె అడుగు చూస్తూ ఉంది. దున్నిన చేలో కుందేలు ఒకటి వచ్చి, చెవులు నిక్కించి, ఈమెని చూసి, ఈమె లెక్కలోకి రాదని తేల్చుకుని వెళ్ళిపోయేది. ఆ మంచుకీ, విరిగిన ఎముకకీ, చల్లటి ఆ గిన్నెకీ మనసులోనే దణ్ణం పెట్టుకునేది. చెయ్యి విరిగినందుకు సంతోషించే మనిషి ఉంటుందా అని తనలో తనే సిగ్గుపడేది కూడా. వాళ్ళకి వండిపెట్టడం తనకి కష్టమా? కాదు. పులుసు కాచేటప్పుడు, రొట్టె కాల్చేటప్పుడు ఎప్పుడూ బరువనిపించలేదు. డూగల్ చలిలోంచి వచ్చి గిన్నె రెండు చేతులా పట్టుకుంటే ఆమె కడుపే నిండేది. కానీ ఈ పొద్దుటి కాసేపు మాత్రం తనది. ఇది తనదని ఇన్నాళ్ళూ తెలియదు గనక అడగలేదు. ఇప్పుడు తెలిసిపోయింది. తెలిశాక మళ్ళీ తెలియనట్టు ఎలా ఉండడం?

మార్చిలో కట్టు విప్పారు. ఇంటికొచ్చేసరికి డూగల్ తెడ్డు కడిగి, తుడిచి, జావగిన్నె పక్కన పెట్టి ఉంచాడు. పెళ్ళైనప్పట్నుంచీ అతను కడిగిన సామాను అదొక్కటే.

"హమ్మయ్య," అన్నాడు. "రేపట్నుంచి మన జావ మనకి."

ఎల్స్పెత్ కుడిచేతి వేళ్ళు ఆడించి చూసుకుంది. చెయ్యి బాగానే ఉంది, మనసే కుంగిపోయింది. కిటికీ దగ్గర తన కుర్చీలో కూర్చుంది. తరవాత లేచి, పెద్ద గిన్నె తీసి, ముగ్గురికి సరిపడా నూక వేసి పాలు పోసింది.

"ఏంటది?"

"రేపటి తిండి."

"నా జావ?"

"జావ నేనింక కలపను డూగల్. పొద్దున్న నేను కూర్చుంటాను."

డూగల్‌కి కోపం రాలేదు, అర్థమే కాలేదు. "పచ్చివి మనిషి తినే తిండి కాదే," అన్నాడు.

అంతవరకూ నిప్పు వైపే చూస్తున్న గ్రిజెల్ ఇటు తిరిగింది. "ఒరేయ్, పెళ్ళికి ముందు పాలేళ్ళ గదిలో ఉన్నప్పుడు నీకెవర్రా వండిపెట్టింది?"

"ఎవరూ లేరు. బ్రోజ్ చేసుకునేవాళ్ళం."

"అంటే?"

"నీకు తెలీదా అమ్మా? గిన్నెలో నూక, ఉప్పు, మీద కెటిల్లో నీళ్ళు. మూతపెట్టి కాసేపు ఉంచితే అయిపోయె."

"పొయ్యి మీద పెట్టావా?"

"లేదు."

"ఏ చేత్తో కలిపావు?"

డూగల్ తన రెండు చేతులూ చూసుకున్నాడు.

"అది తినే బస్తాలు ఎత్తానని ఇప్పటికీ సంతలో కోతలు కోస్తావు. అప్పుడు ఉబ్బని పొట్ట ఇప్పుడు పెళ్ళాం కూర్చుంటే ఉబ్బుతుందా?" ఆవిడ కోడలి వైపు తిరిగింది. "మా నాన్నది పిండిమర. బట్టీ మీద వేడి చెయ్యందే ఏ గింజా మర రాయి కిందికి పోదు పిల్లా. పెట్టెలో ఉన్నది పచ్చిదేం కాదు, ఒకసారి నిప్పు చూసే వచ్చింది."

"ఇన్నేళ్ళూ చెప్పలేదేం అత్తా?"

గ్రిజెల్ తన ముడుల వేళ్ళు నిమురుకుంది. "నేను నిలబడ్డాను కదా," అంది. "నువ్వూ నిలబడితే ఏం పోయిందిలే అనుకున్నా. నాకూ ఒక గిన్నె తియ్యి. తురుము ఎక్కువ వెయ్యి, నమలడానికి పళ్ళు లేవు."

పొద్దున్న కిటికీ దగ్గర రెండు కుర్చీలున్నాయి. డూగల్ పాలు పిండి వచ్చి, చల్లని పొయ్యినీ గిన్నెనీ చూసి, గొణుక్కుంటూ కెటిల్ పెట్టుకున్నాడు. నిలబడే బ్రోజ్ కలుపుకుని నిలబడే తిన్నాడు. ఎండ కొండ భుజం దాటుతుండగా ఎల్స్పెత్ ఎడమచేత్తో చెంచా ఎత్తి, అలవాటుగా బెదిరి అత్తగారి వైపు చూసింది.

గ్రిజెల్ ఆమెని చూడడం లేదు. చేలోని కుందేల్ని చూస్తోంది. చూస్తూ చూస్తూనే చెంచాని ఎడమచేతిలోకి మార్చుకుని తినసాగింది. ఒక్క చుక్క తొణకలేదు. వాతం వచ్చాక నేర్చుకున్న తీరు కాదది. పుట్టుకతో వచ్చిన చేతికి తప్ప అంత సులువు ఉండదు.

ఆవిడకీ ఎండ తగిలేలా ఎల్స్పెత్ తన కుర్చీ కాస్త పక్కకి జరుపుకుంది.