చీకటి అనే చోటు

ఆ కుర్చీలో ఎవరో ఒకరు కూర్చోక తప్పదు కదా, ఏడాదిపాటు ఖాళీగా ఉంచారు, అదే ఎక్కువ, అనుకుంటూ హిల్కా కాఫీ కప్పు అంచు మీద వేలు తిప్పుతోంది, కూర్చున్న పిల్ల పేరు సైమి, మంచి పిల్లే, ఒకప్పుడు హిల్కా దగ్గరే హెబ్రీ అక్షరాలు దిద్దుకుంది, ఇప్పుడు తనకంటే వేగంగా చదువుతుంది, అయినా సైమి కాగితం తిప్పినప్పుడల్లా హిల్కా చెవులు ఒక దగ్గు కోసం ఎదురుచూస్తున్నాయి, ఆ కుర్చీలో ఉన్నన్నాళ్ళూ ఇల్పో కాగితం తిప్పేముందు దగ్గేవాడు, పొడి దగ్గు, పోట్లాటకు నడుం బిగిస్తున్నవాడిలా, ఇప్పుడు కాగితం తిరుగుతోంది, దగ్గు రావడం లేదు, రాని ఆ దగ్గే గదిలో అన్ని చప్పుళ్ళకంటే గట్టిగా వినిపిస్తోంది, కిటికీ కింద ఔరా నదిలో విరిగిన మంచు పలకలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ సముద్రం వైపు పోతున్నాయి, అటు చూడకూడదనే ఆమె కిటికీకి వీపు పెట్టి కూర్చుంది, కళ్ళకైతే వీపు పెట్టవచ్చు, చెవులకు ఏం పెడతాం, అనువాద సంఘం అధ్యక్షుడు ఆతోస్ కళ్ళద్దాలు తుడుచుకుంటూ ఇవాళ ఎనభై ఎనిమిదో కీర్తన ముగించేద్దామన్నాడు, బిషప్‌గా పనిచేసి దిగిపోయినవాడు, ఇప్పటికీ సమాధి దగ్గర మాట్లాడినంత మెల్లగా మాట్లాడతాడు, బైబిల్ కీర్తనలన్నింటినీ కొత్తగా ఫిన్నిష్‌లోకి తెచ్చే ఈ పనిలో తేలకుండా మిగిలిపోయింది ఆ కీర్తనలోని ఆఖరి వచనం ఒక్కటే, ఎందుకు మిగిలిపోయిందో ఎవరూ పైకి అనలేదు, అందరూ యాలకుల బన్నులు తుంచుకోవడంలో మునిగిపోయారు.

ఆ కీర్తన ఎప్పుడూ చిక్కే, మిగతావాటిలో ఎంత ఏడ్చినవాడైనా చివరికి కళ్ళు తుడుచుకుని దేవుణ్ణి పొగుడుతాడు, ఇందులో పాడేవాడు మాత్రం అరిచి అరిచి చీకటి దగ్గరికొచ్చి ఆగిపోతాడు, హెబ్రీలో ఆఖరి మాట చీకటే, దానికి ముందు మాట ఎరిగినవాళ్ళు, రెంటినీ కలిపే క్రియ లేదు, పక్కపక్కన పడి ఉన్న రెండు రాళ్ళలా నేను ఎరిగినవాళ్ళు, చీకటి, అంతే, వాటిని ఎలా కలపాలన్నదే ఇల్పోకూ ఆమెకూ ఏళ్ళ తరబడి తగువు, చీకటే నాకు మిగిలిన నేస్తం అని రాయాలంటాడు ఇల్పో, కాదు, నేను ఎరిగినవాళ్ళు ఉన్నది చీకటి చోట అని రాయాలంటుంది ఆమె, చీకటి అన్న ఆ మాటే అదే కీర్తనలో పైన ఒకసారి వచ్చింది, అక్కడ దానికి అర్థం చోటు, లోతైన గొయ్యిలాంటి చోటు, ఇక్కడ మాత్రం ఉన్నట్టుండి నేస్తం ఎలా అవుతుంది, చూపించు అని ఆమె అడిగితే ఇల్పో బల్ల మీద చెయ్యేసి, వ్యాకరణమ్మా, నీకు మాట కనిపిస్తుంది, మాట్లాడేవాడు కనిపించడు అనేవాడు, యూనివర్సిటీలో లూథర్ సిద్ధాంతం చెప్పేవాడు ఇల్పో, దాగి ఉన్న దేవుడి గురించి, నమ్మినవాడి మీదికే పగవాడిలా వచ్చి పడే దేవుడి గురించి, ఆ దేవుడి నుంచి పారిపోయేవాడికి మళ్ళీ ఆ దేవుడి ఒడి తప్ప వేరే దిక్కు లేదని చెబుతుంటే వెనక బెంచీల్లో నిద్రపోయేవాళ్ళు కూడా లేచి కూర్చునేవారట, ఆమెకు ఆ మాటలు నచ్చేవి కావని కాదు, దేవుడు ఎక్కడ దాక్కున్నాడో వెతకడం తన పని కాదనుకునేది, వాక్యంలో కర్త ఎవరో వెతకడం వరకే తన పని.

ఏడాది కిందటి ఆ ఆదివారం కూడా తన పనే చేసింది, అంతేగా, ప్రార్థన అయ్యాక ఇల్పో చెప్పకుండా ఇంటికి వచ్చాడు, వంటగదిలో కూర్చున్నాడు, ఆమె రై రొట్టె కోసి వెన్న పక్కన పెట్టింది, తినలేదు, వెన్న మీద కత్తితో గీతలు గీస్తూ కూర్చున్నాడు, ఆ గీతలు చూసైనా అడగాల్సింది, ఏమైందిరా నీకు అని, అడగలేదు, హిల్కా, ఒక్కసారి వ్యాకరణం పక్కన పెట్టి చెప్పు, మనిషికి చీకటి నేస్తం కాగలదా లేదా అని అడిగాడు, అడిగిన గొంతులో వాదన లేదు, ఇప్పుడు తెలుస్తోంది లేదని, అప్పుడు మాత్రం ఆమెకు వాదనే వినిపించింది, పాత తగువు కొత్త దారిలో వస్తోందనుకుంది, నేస్తం అన్న మాట ఆ వచనంలో ముందే వచ్చేసింది ఇల్పో, ఇది వేరే మాట, పైగా అది చోటు అంది, ఇల్పో నవ్వాడు, చోటు, అన్నాడు, సరే అయితే, చోటే, అని లేచి కోటు వేసుకున్నాడు, గుమ్మం దగ్గర టోపీ మరిచిపోతే ఆమే అందించింది, చెవులు కప్పుకో, గాలి ఉంది అని కూడా చెప్పింది, చెవుల గురించి చెప్పింది.

ఆ వారంలోనే దీవిలో ఉన్న తన చిన్న ఇంటికి వెళ్ళాడు, మార్చి నెల, సముద్రం మీద మంచు పైకి తెల్లగా, గట్టిగా కనిపించే రోజులు, కింద ప్రవాహం తినేసి ఉంటుంది, దాని మీద నడిచి వెళ్ళి మునిగిపోయాడు, వలల కోసం వెళ్ళాడేమో అంది ఆయన చెల్లెలు, వలలు ఒడ్డున కొట్టంలోనే ఉన్నాయన్నారు జాలర్లు, దారి తప్పాడేమో అన్నాడు పోలీసు, అక్కడే పుట్టి ఆ మంచు మీదే నడక నేర్చినవాడు దారి తప్పడమేమిటని ఎవరూ అడగలేదు, అంత్యక్రియల్లో పాస్టరు కూడా దాన్ని తడమకుండా పక్కనుంచి వెళ్ళిపోయాడు, తెలియదు, ఎవరికీ తెలియదు, తెలియకపోవడమే ఆమె ఇంట్లో అద్దె లేకుండా కాపురం పెట్టింది, కూరగాయల దుకాణంలో సోంపాకు ఏరుతుంటే వెనక నుంచి సరే అయితే, చోటే అని వినిపిస్తుంది, బస్సులో ముందు సీట్లో అలాంటి టోపీ కనిపిస్తే దిగాల్సిన స్టాపు దాటిపోతుంది, ఒకసారి వంటగదిలో పైకే అనేసింది, నువ్వు సరిగ్గా అడగలేదు ఇల్పో, అడగడం అంటే అలా కాదు, అని, అని వెన్నగిన్నె వైపు చూసింది, నున్నటి వెన్న, గీత ఒక్కటీ లేదు, అందుకే భయం వేసింది.

సైమి ఏదో అంటోంది, హిల్కా గారూ, నేనొక మాట చెప్పనా, ఇల్పో గారి పాఠమే, చీకటే నేస్తం అన్నదే ఉంచుదాం, ఆయన గుర్తుగా, మీకూ అభ్యంతరం ఉండదనుకుంటా, అంది, ఆతోస్ వెంటనే తల ఊపాడు, ఇన్నాళ్ళూ ఆసుపత్రుల్లో రోగుల పక్కన చదవడానికి మరీ బరువవుతుందని ఆ పాఠానికి అడ్డం పడింది ఆయనే, ఇప్పుడు ఆయనకూ అదే న్యాయమనిపిస్తోంది, అందరూ తన వైపు మెత్తగా చూస్తున్నారు, ఊఁ అంటే చాలు, ఇంత తేలికా, ఊఁ అంటే ఇల్పో పాఠం ఈ దేశంలో ప్రతి చర్చిలోనూ చదువుతారు, ఏ సమాధి మీదా చెక్కలేనంత పెద్ద గుర్తు, ఊఁ అంటే ఆ వంటగది మాట వెనక్కి తీసుకున్నట్టవుతుందేమో, బస్సులో దిగాల్సిన చోట దిగవచ్చేమో, నోరు తెరిచింది, కానీ ఇల్పో ఏమంటాడు, నేను చచ్చానని నాకు వచనం దానం ఇస్తావా అంటాడు, బల్ల గుద్దుతాడు, రుజువు చూపించి ఇవ్వు, జాలిపడి ఇవ్వకు అంటాడు, అది మాత్రం ఆమెకు ఖాయంగా తెలుసు, ఆయన చావు గురించి ఎంత తెలియదో అంత గట్టిగా ఇది తెలుసు, అందుకే, నేను ఒప్పుకోలేను, ఆ మాటకు అర్థం చోటు, అంది, గది చల్లబడింది, సైమి ముఖం ఎర్రబడింది, ఆయన పోయాక కూడా మీరే గెలవాలా హిల్కా గారూ, అంది, మెల్లగానే అంది, అరిచి ఉంటే బాగుండేది.

చదవండి అయితే, అన్నాడు ఆతోస్, వోటుకు ముందు పాఠం పెట్టినవాళ్ళే పైకి చదవడం ఈ గదిలో పద్ధతి, చర్చిలో జనం చదవరు, వింటారు కాబట్టి, చిత్రం, ఇన్నేళ్ళ తగువులో తన పాఠాన్ని ఆమె ఎన్నిసార్లు రుజువు చేసిందో, ఒక్కసారీ పైకి చదవలేదు, అంతదాకా రానివ్వకుండా ఇల్పో అడ్డం తగిలేవాడు, కాగితం చేతిలోకి తీసుకుంది, అవసరం లేదు, కంఠతా వచ్చు, అయినా తీసుకుంది, నన్ను ప్రేమించినవాణ్ణీ నా చెలికాణ్ణీ నాకు దూరం చేశావు, అని చదివింది, నేను ఎరిగినవాళ్ళు ఉన్నది చీకటి చోట, అని చదవబోయి, చోట దగ్గరికి రాకముందే ఆగిపోయింది, ఎవరిదీ మాట, మునిగిపోయినవాడిది కాదే, ఒడ్డున మిగిలినవాళ్ళది, ఇల్పో చీకట్లోకి వెళుతున్నవాడిలా దీన్ని చదివాడు, తను చదివింది వెనక నిలబడిపోయినదానిలా, అప్పటికి ఎవరూ పోకముందే, వ్యాకరణం అనుకుంటూ, సైమి తలెత్తింది, ఆ పిల్లకూ వినిపించింది కాబోలు, కళ్ళలో కోపం నిలవలేదు, క్షమించండి అన్నట్టు పెదవులు కదిలాయి, ఆతోస్ చేతులు ఎత్తమన్నాడు, ఒక్కొక్కటే లేస్తున్నాయి, సైమిది ఆఖరున లేచింది, పాఠం నిలిచింది, చోటే, హిల్కా ఆ చేతులను చూడటం లేదు, దూరం చేశావు అన్న మాట దగ్గరే ఉండిపోయింది, చేశావు, ఎన్ని తరగతుల్లో ఎంతమంది పిల్లలకు చెప్పింది, క్రియ చివర చూడండి, కర్త అక్కడ ఉంటాడు, హెబ్రీలోనూ అంతే మన భాషలోనూ అంతే, నువ్వు అని విడిగా రాయక్కర్లేదు అని, చెప్పిన నోటితోనే ఏడాదిగా తను దుకాణంలో, బస్సులో, వంటగదిలో ఇల్పోతో పోట్లాడింది, తనతో తను పోట్లాడింది, కీర్తన పాడేవాడు తమ ఇద్దరిలో ఎవరితోనూ మాట్లాడటం లేదు, దూరం చేసిందెవరో వాడికి తెలుసు, ఆ ఒక్కడినే అడుగుతున్నాడు, ఎక్కడ పెట్టావు వాణ్ణి అని తను నిలదీయవలసినవాడు వేరే ఎక్కడో లేడు, ఆ క్రియ చివర, పలికీ పలకని ఆ నువ్వులో, ఇంతకాలమూ దాక్కునే ఉన్నాడు.