ఐదు నుంచి ఆరు వరకు

“కూర్చోవడమే కదా!” అన్నాడు మా ఆయన, ఖాళీ టీ కప్పు నా వైపు చాపుతూ.

తనూ కూర్చునే ఉన్నాడు. గంటన్నర నుంచి కూర్చున్నాడు. పక్కన మా అత్తయ్య కూర్చుని ఉంది, ఎదురుగా మామయ్యగారు కూర్చుని ఉన్నారు. కూర్చోవడంలో ఆ ముగ్గురికీ ఉన్న అనుభవం ముందు నేనెంత? కాకపోతే వాళ్ళు కూర్చుంటే దాన్ని అలసట అంటారు, నేను కాలేజీలో కూర్చుంటే “కూర్చోవడమే కదా” అంటారు. కప్పు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను, నిలబడి టీ పెట్టడానికి.

నేను ఒక కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుని. గాజు సీసాలు కడుగుతాను, మైక్రోస్కోపులు తుడుస్తాను, మూలనున్న అస్థిపంజరానికి వారానికోసారి దుమ్ము దులుపుతాను. మా ఇంటి వాళ్ళతో పోలిస్తే అస్థిపంజరం చాలా మర్యాదస్తురాలు, ఇంతవరకు ఒక్క పని చెప్పలేదు.

ఈ సెలవుల్లో బడిపిల్లల కోసం మా కాలేజీ సైన్సు శిబిరం పెట్టింది. ఎనిమిదిమంది పిల్లలు, రోజూ రెండింటి నుంచి. మొదలుపెట్టే ముందు, ఇలాంటి శిబిరాల్లో పిల్లల రక్షణ సంగతి చూసే ఆఫీసరు ఒకావిడ వచ్చి మా అందరికీ గంటసేపు చెప్పింది. చివర్లో బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసింది: ఒక పెద్ద, ఒక పిల్ల, మూసిన తలుపు. “ఈ మూడూ ఒకచోట ఉండకూడదు. అంతే, ఇంకేం గుర్తుపెట్టుకోకపోయినా పర్లేదు” అంది. అందుకని పిల్లలున్నంతసేపూ గదిలో ఇద్దరు పెద్దవాళ్ళు ఉండాలి, ఇద్దరూ ఏ రోజుకారోజు కాగితం మీద సంతకం పెట్టాలి.

మొదటి పెద్ద ఎవరన్నది ముందే తేలిపోయింది. పెద్ద సార్. మా సైన్సు విభాగానికి హెడ్డు ఆయనే, కారిడార్లో ఆయన ఫోటోలు పదకొండు ఉన్నాయి. ఒక ఫోటోలో ఆయన తన ఫోటోనే ఆవిష్కరిస్తుంటాడు.

రెండో పెద్ద ఎవరు అని అడిగేసరికి స్టాఫంతా తలెత్తి సీలింగు ఫ్యాను వైపు చూశారు. పుట్టి బుద్ధెరిగాక ఆ ఫ్యానుకి అంత గౌరవం దక్కలేదు. తర్వాత అందరూ ఒక్కసారిగా నా వైపు చూశారు.

“నువ్వెలాగూ ఇక్కడే ఉంటావు కదమ్మా” అన్నాడు పెద్ద సార్.

దీనికి వేరే జీతం లేదు, గౌరవం ఉంటుందన్నారు. గౌరవం మర్నాడే వచ్చింది. ఎర్రటి ప్లాస్టిక్ కుర్చీ, ఒక కాలు కాస్త పొట్టి.

ఎనిమిది మందిలో ఏడుగురు ఐదింటికి వ్యానెక్కి వెళ్ళిపోతారు. ఎనిమిదోది, పద్నాలుగేళ్ళ పిల్ల, వాళ్ళమ్మ ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి వచ్చేదాకా ఆరింటి వరకు ఉంటుంది. ఆ గంటలో ఆమెకి ప్రత్యేకంగా ప్రాజెక్టు చేయిస్తానన్నాడు సార్. ఆ పిల్లకి నేను డౌటు అని పేరు పెట్టాను. “అక్కా, చేపలకి దాహం వేస్తుందా?” “అక్కా, ఈ అస్థిపంజరం బతికున్నప్పుడు లావుగా ఉండేదా?” మిగతా పిల్లలు నన్ను మేడమ్ అంటారు, తను మొదటి రోజు నుంచే అక్కా అంది. రోజుకి నలభై డౌట్లు. రెండో వారం వచ్చేసరికి ముప్పై తొమ్మిది తగ్గిపోయాయి, ఒకటే మిగిలింది: “అక్కా, ఇవాళ ఎన్నింటికి వెళ్తారు?”

ఎన్నింటికంటే, మా ఇంట్లో టీ ఐదున్నరకి. అది టైము కాదు, ప్రకృతి నియమం. ఐదున్నరకి టీ పడకపోతే మామయ్యగారికి తలనొప్పి వస్తుంది, తలనొప్పి వస్తే అత్తయ్యకి బీపీ వస్తుంది, బీపీ వస్తే మా ఆయనకి కోపం వస్తుంది, ఆ పైన ఏం వస్తుందో చూసి బతికినవాళ్ళు లేరు. ఒకసారి ఐదు నలభైకి ఇచ్చాను. ఇప్పటికీ బంధువులకి ఫోన్ చేసి ఆ రోజు గురించి చెప్పుకుంటారు. “మాకు చేతులు లేవనా, కోడలు చేసిన టీ తాగాలనీ!” అంటుంది అత్తయ్య. ఆ మాటలో ప్రేమ ఎక్కడుందో రెండేళ్ళుగా వెతుకుతున్నాను.

మొదటి రోజు ఐదింటికి నేను గడియారం వైపు చూడ్డం సార్ చూశాడు.

“ఇంట్లో ఎదురుచూస్తుంటారు కదమ్మా, సంతకం పెట్టేసి వెళ్ళు. నేనున్నాగా.”

ఎంత మంచివాడో అనుకున్నాను. ఇంట్లో కూడా చెప్పాను. “చూశావా, పెద్దవాళ్ళు పెద్దవాళ్ళే” అన్నాడు మా ఆయన. అలా రోజూ ఐదింటికి, ‘ఆరు గంటల వరకు గదిలో ఉన్నాను’ అని రాసున్న గీత మీద ముచ్చటగా సంతకం పెట్టి, చివర్లో తోక తిప్పి, స్కూటరెక్కేదాన్ని.

రెండో సోమవారం నా చెప్పు ఒకటి మాయమైంది. వెతికితే అస్థిపంజరం కాలికి దొరికింది, పక్కనే డౌటు నిలబడి ఉంది. నాకు ముచ్చటేసింది. ఈ రంగంలో నేను చిన్నప్పుడు ఒక వెలుగు వెలిగినదాన్ని. మా ట్యూషన్ మాస్టారి కళ్ళజోడు నీళ్ళ డ్రమ్ములో, ఆయన పెన్ను పక్కింటి కుక్క దగ్గర, ఆయన సైకిలు గాలి గాల్లో. “అబ్బ, అల్లరి పిల్ల!” అని ఊరంతా నవ్వేవాళ్ళు. కాబట్టి డౌటులో నాకు వారసురాలు కనిపించింది. మంగళవారం టిఫిను డబ్బా పోయింది. బుధవారం హెల్మెట్ పోయింది, అది గ్లోబుకి తొడిగి ఉంది. భూమికి రక్షణ అవసరమేలే అనుకున్నాను. గురువారం స్కూటరు తాళంచెవి పోయింది, మైక్రోస్కోపు కింద దొరికింది. ఇంటికెళ్ళి కథలు కథలుగా చెప్పాను. “కూర్చోవడమే కాకుండా ఆటలు కూడానా!” అన్నాడు మా ఆయన.

శుక్రవారం మళ్ళీ తాళంచెవి లేదు. ఐదైంది, వ్యాను వెళ్ళిపోయింది. కాగితం మీద సంతకం అప్పటికే పెట్టేశాను. అస్థిపంజరాన్ని అడిగాను, చెప్పలేదు. ఐదుంపావుకి ఇంటి నుంచి ఫోను.

“ఎక్కడున్నావు?” అత్తయ్య.

“తాళంచెవి వెతుకుతున్నానత్తయ్యా.”

“నెత్తి మీదుందేమో చూసుకో. మీ మామయ్య అప్పుడే కణతలు పట్టుకున్నారు.”

ఫోను పెట్టేసి తల తిప్పితే డౌటు గోడకి ఆనుకుని నన్నే చూస్తోంది. అప్పుడు చూశాను ఆ ముఖం. నవ్వడం లేదు.

వస్తువు దాచినవాళ్ళు నవ్వు ఆపుకోలేరు. నేనైతే బుగ్గలు లోపలికి కొరుక్కునేదాన్ని, అయినా ముక్కులోంచి వచ్చేసేది. అసలు దాచేదే ఆ నవ్వు కోసం. ఈ పిల్ల ఐదు రోజులుగా దాస్తోంది, ఒక్కరోజూ నవ్వలేదు. అన్నీ పోయింది ఐదింటికి ముందే. మధ్యాహ్నం ఒక్క పెన్సిలైనా పోలేదు.

సార్ తన బల్ల దగ్గర కాగితాలు చూసుకుంటున్నాడు. డౌటుని సీసాలు కడిగే మూల గదిలోకి తీసుకెళ్ళాను, తలుపు బార్లా తీసే ఉంచి.

“తాళం ఎక్కడే?”

“ఇస్తే వెళ్ళిపోతారు.”

“వెళ్ళాలి కదమ్మా.”

తల దించుకుంది. “మీరెళ్ళగానే సార్ తలుపేస్తారక్కా. కుర్చీ దగ్గరికి లాక్కుంటారు. నేను జరిగితే మళ్ళీ లాక్కుంటారు. ఇది మన ప్రాజెక్టు, ఇంట్లో చెప్పకూడదు అన్నారు” అంది. తర్వాత తనే, “నాదేమైనా తప్పా అక్కా?” అని అడిగింది. నలభై డౌట్ల పిల్లకి చివరికి మిగిలిన డౌటు అది.

“నీది కాదు. నాది” అన్నాను.

అంత చిన్న గదిలో నాకు మా ట్యూషన్ మాస్టారు గుర్తొచ్చాడు. బడిలో ఆరుగురు మాస్టార్లుండేవాళ్ళు, వాళ్ళెవరి కళ్ళజోడూ నేను ముట్టుకోలేదు. ఆయన ఒక్కడివే ఎందుకు దాచానో ఊరంతా నవ్వారే గానీ ఒక్కళ్ళూ అడగలేదు. అమ్మ అడగలేదు, వంట పనిలో ఉండేది. పదిహేనేళ్ళుగా నేనూ నన్ను అడగలేదు, ఆ కథ చెప్పి నవ్వించడంలో తీరిక లేక. ఇన్నాళ్ళూ నేను అల్లరిపిల్లననే అనుకున్నాను.

ఎర్ర కుర్చీ ఎత్తుకొచ్చి పెద్ద సార్ బల్లకీ డౌటు స్టూలుకీ మధ్యలో వేసుకుని కూర్చున్నాను.

“ఇంకా వెళ్ళలేదా అమ్మా?”

“తాళం పోయింది సార్.”

“ఆటోలో వెళ్ళు. పాపం ఇంట్లో...”

“ఫర్వాలేదు సార్. కూర్చోవడమే కదా.”

నా జీవితంలో అంత కష్టపడి ఎప్పుడూ కూర్చోలేదు. ఫోను పదకొండుసార్లు మోగింది. సార్ ఏసీ చల్లదనం పోతోందని తలుపేయబోతే లేచి తీశాను. మళ్ళీ వేశాడు. మళ్ళీ తీశాను. మూడోసారి ఆయన నా ముఖంలోకి చూసి కాగితాలు సర్దుకున్నాడు. ఆరింటికి డౌటు వాళ్ళమ్మ వచ్చింది, ఒంటి మీద ఫ్యాక్టరీ కోటు అలాగే ఉంది. గేటు దగ్గర ముగ్గురం నిలబడ్డాం. చెప్పాల్సింది డౌటే చెప్పింది, నేను చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ ఏడవలేదు, అరవలేదు. కూతురి చేతిలోంచి సంచి తీసుకుని తన భుజానికి తగిలించుకుని, “మీరుంటారని కాగితంలో రాశారు కదమ్మా” అంది.

సంచిలోంచి ఆ రోజు కాగితం తీశాను. కాగితం వెనక ఆ ఆఫీసరు నంబరుంది. అక్కడే నిలబడి, ఫోను డౌటు వాళ్ళమ్మకి కూడా వినపడేలా పెట్టి మాట్లాడాను.

ఇంటికెళ్ళేసరికి ఏడున్నర. ముగ్గురూ బతికే ఉన్నారు. విషయం చెప్పాను.

“ఎవరి పిల్లో, నీకెందుకు?” అన్నాడు మా ఆయన. “ఆయనకేం కాదు. పోయేది నీ ఉద్యోగమే.”

“పదకొండు రోజులు అబద్ధం రాస్తే పోని ఉద్యోగం, నిజం రాస్తే పోతుందా?”

“ఆ పిల్లకి తల్లి లేదా?” అంది అత్తయ్య.

“ఉందత్తయ్యా. డ్యూటీలో ఉంది. నేనూ డ్యూటీలోనే ఉండాల్సింది, ఇక్కడ టీ పెడుతున్నాను.”

మామయ్యగారు కణతలు వదిలేసి మొదటిసారి నా వైపు చూశారు. మర్నాడు పొద్దున తన కప్పు తనే కడుక్కున్నారు. ఆ కప్పుని మ్యూజియంలో పెట్టాలి.

మర్నాడు పొద్దున్నే ప్రిన్సిపాల్ మేడమ్ బల్ల మీద పన్నెండు కాగితాలూ పరిచాను. పదకొండింటి మీద నా ముచ్చటైన సంతకం కింద నేనే రాశాను: ‘ఐదు నుంచి ఆరు వరకు నేను గదిలో లేను. ఈ సంతకం అబద్ధం.’ పన్నెండోది ఒక్కటే నిజం, దాని మీద తలుపు ఎన్నిసార్లు మూశారో, ఎన్నిసార్లు తీశానో రాశాను.

మేడమ్ అన్నీ చదివి కళ్ళజోడు తీసింది. “పిల్లకి ఏమీ కాలేదు కదా?”

“కాగితం రాయాలంటే ఇంకా ఏం జరగాలి మేడమ్?”

“అది కాదు. శిబిరం ఇంకో వారమేగా. ఆయన పేరుంది, కాలేజీ పేరుంది. పైగా దీనివల్ల ముందు మెమో వచ్చేది నీకే. తెలుస్తోందా?”

“తెలుసు మేడమ్. ముద్ర వేసి ఒక కాపీ ఇవ్వండి.”

“తర్వాత చూద్దాం.”

“చూద్దాం మేడమ్” అని అక్కడే కుర్చీ లాక్కుని కూర్చున్నాను. కూర్చోవడంలో ఈ పాటికి నాకు మంచి పేరొచ్చింది. గంటా పది నిమిషాలకి ముద్ర పడింది. అది పడుతుండగానే ఆఫీసరు, పక్కన డౌటు వాళ్ళమ్మ లోపలికి వచ్చారు. కొందరి పేర్లు కాపాడాలంటే చాలా కష్టం, మనుషులు లోపలికి వస్తూనే ఉంటారు.

సోమవారం నుంచి పెద్ద సార్ని విచారణ పూర్తయ్యేదాకా పిల్లల దగ్గరికి రానివ్వలేదు. విచారణ నడుస్తోంది. ఏమవుతుందో నాకు తెలియదు. ఫోటోలు పదకొండూ ఇంకా అలాగే ఉన్నాయి. ఆయన స్థానంలో వేరే లెక్చరర్ వచ్చింది, తలుపుకి అడ్డంగా తనే స్టూలు పెట్టుకుంది. నాకు మెమో మాత్రం ఠంచనుగా వచ్చింది. ‘ఐదు గంటలకు విధులు వదిలి ఎందుకు వెళ్ళారో వివరించండి.’

నాలుగు కాగితాలు చింపి ఐదోదాని మీద రాశాను: ‘మా ఇంట్లో టీ ఐదున్నరకి. ఇంట్లో నలుగురు పెద్దవాళ్ళం, నలుగురికీ చేతులున్నాయి. అయినా నేనే పరిగెత్తాను, ఎందుకని ఎప్పుడూ అడగలేదు. ఆ పదకొండు గంటలూ ఆ పిల్లని వదిలేసింది నేనే. శిక్ష ఏదైనా ఒప్పుకుంటాను. మళ్ళీ వదలను.’ కింద సంతకం పెట్టాను, తోక తిప్పకుండా.

మంగళవారం ఐదుకి పది నిమిషాలుండగా డౌటు నా దగ్గరికి వచ్చి పిడికిలి విప్పింది. శుక్రవారం నాటి తాళంచెవి. నాలుగు రోజులుగా నేను బస్సులోనే తిరుగుతున్నాను, అడగలేదు.

“ఇంక మీరు ఐదింటికే వెళ్ళొచ్చక్కా. ఈ మేడమ్ ఉంటారు. తలుపు కూడా వెయ్యరు.”

“ఇద్దరు పెద్దవాళ్ళుండాలి కదే.”

“ఆఫీసరు మేడమ్ ఇంకొకళ్ళని పంపిస్తున్నారంట. నిజంగా వెళ్ళొచ్చు.”

తాళంచెవి తీసుకున్నాను. బల్ల మీద ఫోను అప్పుడే వెలిగింది. ఇంటి నుంచి. మోగుతోంది. ఆ మోత నేను రెండేళ్ళుగా వింటున్నాను, వినగానే కాళ్ళు వాటంతటవే లేస్తాయి. ఇవాళ లేవలేదు. కిటికీలోంచి ఎండ అస్థిపంజరం పక్కటెముకల మీద పడుతోంది, డౌటు నోట్సులో కొత్త డౌట్లు పన్నెండు రాసుకుని తెచ్చింది, మొదటిది చేపల దాహమే.

తాళంచెవి మళ్ళీ ఆ పిల్ల చేతిలో పెట్టి వేళ్ళు మూశాను.

“దాచెయ్” అన్నాను. “ఎక్కడో నాకు చెప్పకు. ఇంట్లో అడిగితే నిజంగా తెలియదనాలి నేను.”

ఈసారి డౌటు బుగ్గలు లోపలికి కొరుక్కుంది. అయినా ముక్కులోంచి వచ్చేసింది, నవ్వు.