పైపులో ఆగిన హెచ్చరిక

"ఏటి మెసేజీ? ఏ మెసేజీ రాలేదు. మీ అయ్య తెప్పేసుకుని ఎల్లిపోనాడు," అంది ఫోన్లో తల్లి జగ్గమ్మ.

హేమ ఫోను చెవికి గట్టిగా ఆనించుకుంది. విజయనగరంలోని ఈ చిన్న ఆఫీసు నుంచి కళింగపట్నం మత్స్యకారుల ఫోన్లకు సముద్రం హెచ్చరికలు పంపేది తనే. ఇవాళ అలలు ఎగసిపడతాయనీ, వేటకు వెళ్లొద్దనీ సముద్ర వాతావరణ బులెటిన్ తెల్లారకముందే ఆఫీసుకు వచ్చింది.

"ఇలాటి రోజు ఎలా ఎల్లాడమ్మా?"

"మెసేజి రాలేదంటే సముద్రం బాగున్నట్టే గదేటి! ఊరంతా అదే లెక్క. నీ మెసేజిలొచ్చినకాడ్నించి గాలి సూసేవోడే లేడు."

హేమ ఫోను పట్టుకునే కంప్యూటరు వైపు తిరిగింది.

నిన్నటిదాకా పనంతా పెర్ల్ భాషలో రాసిన ఒకే ప్రోగ్రాం, ఒకే స్క్రిప్టు చేసేది. నిన్న సాయంత్రమే ఆమె దాన్ని రెండు చేసింది. మొదటిది రోజంతా నడుస్తూ, బులెటిన్ చదివి హెచ్చరిక రాస్తుంది. రెండింటినీ కలిపే పైపు అనే లంకె గుండా దాన్ని అందుకుని రెండోది ఫోన్లకు పంపుతుంది. మొదటిదాన్ని విడిగా నడిపి చూస్తే వాక్యం తెరమీద టక్కున పడింది. ఇంకేం, చాలనుకుంది.

పక్క సీటు యుగంధర్ వంగి చూశాడు. "తెరమీదకైతే ఎప్పటికప్పుడు వదుల్తాది హేమా. పైపులోకైతే పోగేసి పంపుతాది. ఆ పోగెయ్యడం ఆపే లైను పెట్టావేటి?"

పెట్టలేదు. గంప నిండితేగాని నెత్తికెత్తుకోని మనిషిలా, మొదటి స్క్రిప్టు ఆ ఒక్క హెచ్చరికనూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

మొదటిదాని పైన, పోగెయ్యకుండా వెంటనే వదలమనే $| = 1; లైను చేర్చి, రెండింటినీ మళ్లీ నడిపింది. ఫోన్లో అవతల టింగుమంది.

"వచ్చిందే!"

"అయ్యకి?"

"ఇది మీ అయ్య ఫోనే. తడిసిపోద్దని ఏనాడైనా పట్టుకెల్లాడేటి?"

హేమ కెవ్వుమంది. "అమ్మా, ఒడ్డుకు పరిగెత్తు! ఎలాగోలా ఎనక్కి పిలు!"

ఆపైన ఫోన్లో గాలి హోరు, ఆడవాళ్ల కేకలు. చాలాసేపటికి ఎగరొప్పుతూ తండ్రి అప్పలసూరి గొంతు.

"మీ అమ్మ గెడకి ఎర్ర సీర కట్టి ఊపకపోతే ఇయ్యేళ మా పని అయిపోను. ఒసే, సముద్రం బాగున్ననాడు బాగుందని సెప్పడానికి మీకు నోరు రాదేటే? ఊరుకుంటే మాకేటి తెలుస్తాది?"

"అన్ని తెప్పలూ వచ్చీసాయా అయ్యా?"

"వచ్చీసాయి."

"ఇకమీదట బాగున్నా బాగోకపోయినా రోజూ పంపుతాను. రాకపోతే ఎల్లకండి," అంది హేమ. ఫోను పెట్టేశాక యుగంధర్ కుర్చీ జరిపి, "కూకో" అన్నాడు. అప్పుడుగాని ఆమెకు తెలియలేదు, ఇంతసేపూ తను నిలబడే ఉన్నానని.