కనుచూపు మేరలో

సినిమావాళ్ళు ఒక్కొక్కరే మద్రాసు వదిలి హైదరాబాదు చేరుతున్న కాలంలో మంజులత కుటుంబం కూడా ఫిల్మ్‌నగర్‌కు వచ్చింది. తండ్రి ప్రొడక్షన్ మేనేజరు. ఇంటిపట్టున ఉండే మనిషి కాదు. మంజులత డిగ్రీలో చేరింది గానీ కొత్త ఊళ్ళో మనసు విప్పి మాట్లాడే తోడు ఇంకా దొరకలేదు.

బస్సు కోసం జూబిలీహిల్స్ రోడ్డు మీద నడిచి వెళ్తుంటే, ఒక ఖాళీ బంగళా గేటు లోపల ఆల్సేషియన్ జాతి ఆడకుక్క కనిపించేది. డొక్కలు లోపలికి పోయి, ఎముకలు పైకి తేలి ఉండేవి. మొరిగేది కాదు. మలుపులో కారు చప్పుడైతే లేచి నిలబడేది. కారు దాటిపోగానే మళ్ళీ కూలబడేది.

ఒకరోజు ఆగి వాచ్‌మన్ భిక్షాన్ని అడిగింది.

"సారు తీసిన పిక్చరు మునిగింది బిడ్డా," అన్నాడు భిక్షం. "సామానంత లారీకెక్కించి మద్రాసు పోయిండ్రు. దీన్ని మాత్రం తోల్కపోలే. నేనే ఇంత బువ్వ పెడ్తున్న. ఇల్లు అమ్ముడుపోతే దీని గతి ఏందో."

"పేరేంటి?"

"ఏదో ఇంగ్లీషు పేరు. నాకు నోరు తిరగలే. రాణి అంటే పలుకుతది."

ఆ వారమే రాణి మంజులత వెంట వచ్చేసింది. తల్లి శారదాదేవి దాన్ని వాకిట్లోనే ఉంచమంది, గుమ్మం దాటనివ్వలేదు. "పెంచినవాళ్ళే వదిలేసి పోయారంటే దాంట్లో ఏదో లోపం ఉండే ఉంటుంది మంజూ," అంది. ఆ మాట మంజులత గుండెల్లో ముల్లులా దిగింది.

పశువుల డాక్టరు దగ్గర గోడ మీద పెంపుడు కుక్కల పోటీ ప్రకటన చూసింది. చెప్పిన మాట వినడంలో ఒక పోటీ, అడ్డంకులు దూకడంలో ఒక పోటీ. రాణిలో ఏ లోపమూ లేదని పదిమంది ముందు నిరూపించాలని ఆ క్షణమే అనుకుంది. సైన్యంలో కుక్కలకు శిక్షణ ఇచ్చి రిటైరైన దేవకుమార్ గారు ఎర్రగడ్డలో ఉంటారని డాక్టరే చెప్పాడు. ఆయన ఆదివారం చర్చి కాగానే స్కూటరు మీద వచ్చి, ఫిల్మ్‌నగర్ బండల మధ్య ఉన్న ఖాళీ జాగాలో నేర్పడానికి ఒప్పుకున్నారు.

మంజులతకు ఏమీ తెలియదు. రాణి మెడకు కట్టిన పట్టీ గుంజేది, కంగారులో ఏదేదో చెప్పేది. "ఒక్క మాట చెప్పమ్మా," అనేవారు ఆయన. "నువ్వు నాలుగు చెబితే పాపం అది దేన్ని వినాలి?" మెల్లగా ఇద్దరికీ పని పట్టుబడింది. రాణి పక్కన నడిచింది, పిలిస్తే వచ్చింది, కర్ర మీంచి దూకింది.

చిక్కంతా ఒక్క అంశంతోనే వచ్చింది. కుక్కను కూర్చోబెట్టి యజమాని దానికి కనబడకుండా వెళ్ళాలి. తిరిగొచ్చేదాకా అది కదలకూడదు. "ఉండు" అనగానే రాణి ఒళ్ళంతా వణికేది. మంజులత బండ చాటుకు వెళ్ళేలోపే ఏడుస్తూ పరిగెత్తుకొచ్చి కాళ్ళ మధ్య దూరేది.

భిక్షాన్ని అడిగితే అసలు సంగతి చెప్పాడు. "మద్రాసు పోయిన దినం సారు దీని తల మీద చెయ్యేసి, 'ఉండు, వస్తా' అన్నడు బిడ్డా. గదే ఆఖరు."

మంజులత ఈ సంగతి చెబితే దేవకుమార్ గారు, "అయితే ఆ మాట మానేద్దాం," అన్నారు. "ఉండు" పోయి "కూర్చో" వచ్చింది. బండ చాటుకు ఇలా వెళ్ళి అలా వచ్చేది మంజులత. తర్వాత మరికాస్త ఆగేది. చలికాలం వచ్చేసరికి రాణి కూర్చున్నచోటు నుంచి కదలడం మానేసింది.

పోటీనాడు శారదాదేవి కూడా వచ్చి వెనక కుర్చీలో కూర్చుంది. రాణి ప్రతి అంశంలోనూ న్యాయనిర్ణేత తల ఊపేలా చేసింది. చివరి అంశం మిగిలింది. కుక్కలను వరుసగా కూర్చోబెట్టి యజమానులంతా గుడ్డ తెర వెనక్కి వెళ్ళారు. తక్కినవాళ్ళు కబుర్లలో పడ్డారు. తెర అతుకు దగ్గర చిన్న సందు ఉంటే మంజులత అందులోంచి చూసింది.

రాణి కదల్లేదు. కానీ ముందుకాళ్ళు గడగడా వణుకుతున్నాయి. నోటి నుంచి చొంగ తీగలుగా కారి నేల తడిసింది. మంజులత మాయమైన చోటునే రెప్ప వేయకుండా చూస్తోంది. ఇన్నాళ్ళూ బండ చాటున నిలబడ్డ మంజులత ఆ ముఖాన్ని ఎన్నడూ చూడలేదు.

పిలుపు రాకముందే తెర తొలగించుకుని బయటికి నడిచింది. దగ్గరికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంది. రాణి ఆమె మెడలో తల దూర్చింది. న్యాయనిర్ణేత కాగితం మీద వాళ్ళ పేరు కొట్టేశాడు.

"ఇంకాస్త ఆగితే బహుమతి నీదే," అన్నారు దేవకుమార్ గారు, గొంతులో కోపం అణచుకుంటూ.

"ప్రాక్టీసులో కూడా ఇలాగే వణికేదా మాస్టారూ?"

"వణికేది," అన్నారు ఆయన. "కదలడం లేదు కదా, పోటీకి అది చాలనుకున్నాను."

"నేను ఆగలేకపోయానండీ."

తిరుగుదారిలో ఆటోలో రాణి అలసిపోయి శారదాదేవి పాదాల మీద తల వాల్చింది. ఆమె పాదాలు వెనక్కి తీసుకోలేదు.

కొన్ని ఆదివారాలు దేవకుమార్ గారు రాలేదు. తర్వాత ఒకరోజు ఆయనే స్కూటరు ఆపి, వెనక కట్టుకొచ్చిన వెదురుకర్రలు దించారు. "దూకే పోటీలో నువ్వు కూడా దాని పక్కనే పరిగెత్తొచ్చమ్మా," అన్నారు, మంజులత ముఖం వైపు చూడకుండా.

మరుసటి ఏడాది ఆ పోటీలో రాణి ఒక కర్ర పడగొట్టింది. బహుమతి రాలేదు. అయినా చివరి అడ్డంకి దాటి మైదానం కొస దాకా ఇద్దరూ ఒకే ఊపున పరిగెత్తారు. అక్కడ ఆగి ఆయాసపడుతున్న కూతురికీ కుక్కకూ శారదాదేవి మరచెంబుతో నీళ్ళు తెచ్చింది.