రెండు బర్రెల సీసా

నేను ఒక సీసాను. ముప్పై ఏళ్ళదానినని నా మెడ కింద బంగారు అక్షరాలతో రాసి ఉంటుంది గానీ, మీరు నమ్మకండి. ఆ వయసు నాది కాదు, నా కడుపులో పోసిన విస్కీది. నేను ఇసుకలోంచి పుట్టి, కొలిమిలో కరిగి, అచ్చులో పడి, సాయంత్రానికల్లా అట్టపెట్టెలోకి చేరినదాన్ని. అయినా నన్ను చూసినవాళ్ళంతా "ముప్పై ఏళ్ళే!" అని నోరు వెళ్ళబెడుతుంటే, కాదని చెప్పే నోరు నాకు లేదు. ఊరికే వచ్చే గౌరవాన్ని వద్దన్నవాళ్ళు మనుషుల్లో మాత్రం ఎందరున్నారు?

నేను నిండింది స్కాట్లండ్‌లో, ఎప్పుడూ ముసురు పట్టి ఉండే ఒక సముద్రపుటొడ్డున. అక్కడ బార్లీ గింజల్ని నానబెట్టి, మొలకెత్తించి, పొగలో ఆరబెట్టి, పులియబెట్టి, బట్టీ పెడతారు. దిగిన సరుకును ఓక్ కర్ర పీపాల్లో పోసి చీకటి గోదాముల్లో పడుకోబెడతారు. పీపా ఊరికే ఉండదు, ఊపిరి తీస్తుంది. ఏటా కొంత సరుకు ఆవిరై గాలిలో కలిసిపోతుంది. దానికి అక్కడి పనివాళ్ళు బాధపడరు, "అది దేవదూతల వాటా" అని నవ్వేసి తలుపు వేసుకుంటారు. నాలోకి వచ్చిన సరుకు పడుకున్న పీపాలో ముప్పై ఏళ్ళకి దగ్గర దగ్గర సగం దేవదూతలే తాగేశారు. వాళ్ళు తాగినదానికి కూడా కలిపి మిగిలిన సగం మీద ధర వేశారు.

ఇంకొక్క సంగతి ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే నా కథంతా దాని చుట్టూనే తిరిగింది. విస్కీకి వయసు పెరిగేది పీపాలోనే. సీసాలో పోసి బిరడా బిగించాక ఇక పెరగదు. ముప్పై ఏళ్ళది వందేళ్ళు దాచినా ముప్పై ఏళ్ళదే.

ఈ సంగతి పంజాల రాజేశానికి తెలియదు. రాజేశానిది కరీంనగర్‌లో మోటారు పంపుల దుకాణం. ఒక ఏడు ఎండలు మండిపోయి, బోర్లు ఎండి, మోటార్లు విపరీతంగా అమ్ముడుపోతే కంపెనీవాళ్ళు సంతోషించి డీలర్లందరినీ సింగపూర్ తీసుకెళ్ళారు. తిరుగు ప్రయాణంలో విమానాశ్రయం దుకాణంలో రాజేశం నా ముందు అరగంట నిలబడ్డాడు. మిగతా డీలర్లు చాక్లెట్లు, సెంట్లు కొనుక్కుని వెళ్ళిపోయారు. ఇతను వేళ్ళు మడుస్తూ ఏదో లెక్క వేసుకున్నాడు. ఆ లెక్క బర్రెల్లో వేశాడని తర్వాత తెలిసింది. నా ధరకి రెండు మంచి పాడిబర్రెలు వస్తాయి. చివరికి కళ్ళు మూసుకుని కార్డు చేతిలో పెట్టాడు.

రాజేశం తాగుబోతు కాడు. పండక్కో పబ్బానికో ఒక గ్లాసు, అంతే. నన్ను కొన్నది అన్న కోసం.

అన్న పేరు మొగిలయ్య. రేగులపల్లిలో తాళ్ళెక్కి కల్లు గీసే గౌడు. తండ్రి చనిపోతే తన పద్నాలుగో ఏట మోకు భుజాన వేసుకుని తాటిచెట్టెక్కడం మొదలుపెట్టి, అరవై దాటి మోకాళ్ళు మొరాయించేదాకా దిగలేదు. చెట్టెక్కేవాళ్ళు చాలామంది ఉన్నారు గానీ మొగిలయ్య ముక్కు లాంటి ముక్కు చుట్టుపక్కల నాలుగూళ్ళలో లేదు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంటే చాలు, అది పోద్దాడు అనే మగచెట్టు కల్లో, పండుదాడు అనే ఆడచెట్టు కల్లో, ఎన్నింటికి దించారో, కల్లు పట్టే లొట్టి సరిగ్గా కడిగారో లేదో చెప్పేసేవాడు. బాగా లేకపోతే బోలెడు తిట్లు. బాగుంటే మాత్రం ఒకే మాట: "ఉన్నది." ఆ ఒక్క మాట కోసం వనంలో గీసేవాళ్ళంతా పొద్దున్నే లొట్లు పట్టుకుని వరసగా నిలబడేవారు.

చిన్నప్పుడు రాజేశానికి కూడా అన్న ఆకు దొప్పలో కల్లు పోసి "ఏ చెట్టుదో చెప్పురా" అని పరీక్ష పెట్టేవాడు. వీడు ఎప్పుడూ తప్పే చెప్పేవాడు. "నీకు ముక్కు లేదురా తమ్మీ. నువ్వు సదువుకో" అని అన్న నవ్వేవాడు. ఆ నవ్వుతోనే పదో తరగతి, ఐటీఐ, తర్వాత దుకాణానికి పెట్టుబడి, అన్నీ చెట్ల మీంచే దించి తమ్ముడి చేతిలో పెట్టాడు. తమ్ముడు దుకాణం పెట్టాడు, ఇల్లు కట్టాడు, కారు కొన్నాడు. అన్న అన్నీ చూసి "మంచిది" అన్నాడు. "ఉన్నది" అనలేదు. యాభై ఏళ్ళు దాటిన మనిషి ఒక్క మాట కోసం రెండు బర్రెల డబ్బు పోశాడంటే నాకు మొదట నవ్వొచ్చింది. తర్వాత రాలేదు.

మరి అంత ప్రేమతో కొన్నవాడు తిన్నగా రేగులపల్లికి తీసుకెళ్ళాలి కదా? తీసుకెళ్ళలేదు. హాల్లో షోకేసులో, కొండపల్లి బొమ్మలకీ కూతురి కబడ్డీ కప్పుకీ మధ్యలో నన్ను నిలబెట్టాడు.

"బావకు తెస్తినంటివి గదా, ఇయ్యవా?" అని అతని భార్య సువర్ణ అడిగింది.

"ఇప్పుడు ముప్పై ఏండ్లది. ఇంకో పదేండ్లు ఉంచితే నలభై ఏండ్లదైతది. గప్పుడిస్తె దాని మజానే వేరు."

తప్పు అతనిది అనలేను. ఆ ఇంట్లో పాత బియ్యానికే విలువ. అరిగేదీ పాత బియ్యమే, అన్నం పలుకుగా అయ్యేదీ పాత బియ్యమే. అటక మీద జాడీలో మూడేళ్ళ చింతపండు ఉంది, దాన్ని మందులాగా వాడతారు. పాతబడితే బాగుపడుతుందన్నది వాళ్ళు నాలుక మీద చూసి తెలుసుకున్న నిజం. ఆ నిజాన్ని నామీద కూడా వేశాడు, పాపం.

కానీ అసలు కారణం అది కాదు. షోకేసు ముందు ఒంటరిగా నిలబడినప్పుడు మనుషుల ముఖాలు వేరుగా ఉంటాయి. రాజేశానికి భయం. అన్న ఒక గుక్క తాగి "గిందులేమున్నదిరా?" అంటే? రెండు బర్రెలు పోతే పోయాయి, మళ్ళీ అడగడానికి ఇంకేం మిగులుతుంది? ఇవ్వనంత కాలం ఆ మాట వస్తుందన్న ఆశైనా ఉంటుంది. అందుకని ఏడాదికి ఏడాది నా వయసు పెంచుకుంటూ పోయాడు.

ఎనిమిదేళ్ళు గడిచాయి. ఇంటికొచ్చిన ప్రతివాడూ నన్ను చూసి అడిగే మొదటి ప్రశ్న ఒకటే, "ఎంత పడ్డది?" రాజేశం చెప్పేవాడు. వాళ్ళు గుండె మీద చెయ్యి వేసుకునేవారు. ఒకడు ఆ డబ్బుకి ఎన్ని ఎకరాల వరి కోయించవచ్చో లెక్కగట్టాడు, ఇంకొకడు అంత ఖరీదైనదాన్ని తాగడం పాపమన్నాడు. రుచి ఎలా ఉంటుందని అడిగినవాడు ఒక్కడూ లేడు. సువర్ణ వారానికోసారి నన్ను తుడుస్తూ "దేవుని పటాలకు గూడ ఇంత తుడుపు లేదు" అని గొణుక్కునేది. కిటికీలోంచి ఎండ పడి నా కాగితం వెలిసిపోయింది. బిరడా ఎండిపోయి, దాని సందులోంచి కొంచెం కొంచెంగా విస్కీ పోతూనే ఉంది. కరీంనగర్‌లో ఆ వాటా ఏ దేవదూత తీసుకున్నాడో నేను చూడలేదు.

ఒక శనివారం కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే వేణుధర్ సార్ తన ఇంటి మోటారు గురించి మాట్లాడడానికి వచ్చాడు. నన్ను చూశాడు. రాజేశం అలవాటు చొప్పున "కొన్నప్పుడు ముప్పై ఏండ్లది సార్. ఇప్పుడు ముప్పై ఎనిమిది" అన్నాడు.

సార్ పకపకా నవ్వాడు. "సీసాల పోసినంక వయసు పెరగదు రాజేశం. పెరిగేది మనకే. పైగా చూడు, సరుకు మెడ కిందికి దిగింది. బిరడా ఎండినట్టుంది. తాగేదుంటే జల్దీ తాగు."

ఆయన చాయ్ తాగి వెళ్ళిపోయాడు. రాజేశం మాత్రం నన్ను చేతిలోకి తీసుకున్నాడు. అతని ముఖం చూస్తే నాకు జాలేసింది. వేళ్ళు మళ్ళీ మడిచాడు. ఈసారి బర్రెలు కాదు, అన్న వయసు లెక్క వేస్తున్నాడు. అరవై నుంచి అరవై ఎనిమిది.

మర్నాడు ఆదివారం, పొద్దున ఏడింటికి మేము రేగులపల్లి తాటివనంలో ఉన్నాం. మొగిలయ్య ఒక మొద్దు మీద కూర్చుని ఉన్నాడు. మోకాళ్ళు పనిచేయకపోయినా రోజూ అక్కడికి వస్తాడట. లొట్లు పట్టుకుని ఇద్దరు ముగ్గురు నిలబడ్డారు. ఆయన గ్లాసు ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని, నురుగు వంక చూసి, "ఉన్నది" అనో, "లొట్టి కడుగరా సోమరీ" అనో పంపేస్తున్నాడు. వాళ్ళు వెళ్ళాక రాజేశం నన్ను సంచీలోంచి తీశాడు.

"ఏందిరా గిది?"

"స్కాచ్ అన్నా. నీ కోసమే తెచ్చిన."

"ఎంత?"

ఈయన కూడా అదే అడిగాడు. రాజేశం నీళ్ళు నమిలి, బర్రెల్లోనే చెప్పాడు. మొగిలయ్య తమ్ముడి వంక చూసి, నా వంక చూసి, "పాలిస్తదా?" అన్నాడు.

బిరడా సగానికి విరిగింది. మిగతా సగాన్ని చాకుతో తవ్వి తీశారు. రాజేశం ఒక గాజు గ్లాసులో రెండు వేళ్ళ లోతు జాగ్రత్తగా పోసి, రెండు చేతులతో అన్నకి ఇచ్చాడు. మొగిలయ్య లేచి నిలబడి, "తల్లీ ఎల్లమ్మా" అని గ్లాసులో సగం నేల మీద ఒంపాడు.

"అన్నా!" అని రాజేశం కేక పెట్టాడు. "చుక్క చుక్కకూ పైసలే, గంత పోసినవేందే!"

"సాక పొయ్యకుంట తాగుతనారా? మంచిదాంట్లె అమ్మకు ముందుగాల." ఆయన మామూలుగానే అన్నాడు. వనంలో దించిన ఏ కల్లైనా తల్లికి ఒంపకుండా నోట పెట్టిన మనిషి కాడు ఆయన. నాకు ఆ చల్లటి గోదాము, తలుపేసుకుంటూ నవ్విన పనివాళ్ళు గుర్తొచ్చారు. వాళ్ళనీ ఈయన్నీ ఒకచోట కూర్చోబెడితే ఒకరి భాష ఒకరికి రాకపోయినా కలిసిపోయేవాళ్ళు.

మొగిలయ్య మిగిలిన గుక్కని తాగలేదు. గ్లాసు ఎత్తి చెవి దగ్గర పెట్టుకున్నాడు. విన్నాడు. ఇంకా దగ్గరగా పెట్టుకుని మళ్ళీ విన్నాడు.

రాజేశం ఒక అడుగు ముందుకేశాడు. "అన్నా, వాసన సూడవా?"

మొగిలయ్య గ్లాసు దించాడు. చుట్టూ ఎవరూ లేరని చూసుకున్నాడు. "పోయినేడు జరమచ్చింది గదా. అప్పటిసంది ముక్కు పని చేస్తలేదు. కల్లైతే బుసబుస మాట్లాడుతది, చెవితోని పట్టుకుంటున్న. ఎవ్వరికి చెప్పలే. చెప్తె రేపటిసంది నా దగ్గరికెవడస్తడు? గని గీ నీ సీసా ఏం మాట్లాడదేందిరా!"

ఒక్క ఏడాది ఆలస్యం. రాజేశం మొద్దు పక్కన నేల మీద కూలబడ్డాడు. "ఎన్మిదేండ్లు ఇంట్లనే పెట్టుకున్ననే. ఏడేండ్లు నీకు ముక్కుండె. నేను బేకార్ గాన్ని" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పంపుల దుకాణంలో అందరినీ గద్దించే మనిషి అలా ఏడుస్తుంటే నాకు దుఃఖం వచ్చింది. నా కడుపులో ముప్పై ఏళ్ళ పొగ, ముసురు, కర్ర, తేనె, అన్నీ ఉన్నాయి. వాటిని చదవగలిగిన ఒక్క ముక్కు ఎదురుగా ఉండి కూడా లేదు.

"ఏడుపు సాలు గని," అన్నాడు మొగిలయ్య, గ్లాసు తమ్ముడి చేతిలో పెడుతూ. "నువ్వు సూడు. సూసి చెప్పు."

"నాకు ముక్కు లేదంటివి గదనే."

"ఇప్పుడు నాకూ లేదు. ఉన్నకాడికి సూడు."

రాజేశం కళ్ళు తుడుచుకుని గ్లాసులోకి ముక్కు పెట్టాడు. "పొగ" అన్నాడు.

"ఏం పొగ? పొయ్యి పొగనా, బీడి పొగనా?"

"కాదు... వానకు తడిసిన తాటిమట్టలు కాలవెడితె అస్తది సూడు, గా పొగ." మళ్ళీ చూశాడు. "లోపల బెల్లం. పాకం పట్టినంక గిన్నెకు అంటుకున్న బెల్లం. ఇంకా... పాత కట్టె. కాదు, కట్టె కాదు." గ్లాసు తిప్పి మళ్ళీ ముక్కు పెట్టాడు. "నాయిన మోకు. సూరుకు వేలాడదీస్తుండె సూడు, చెమట పట్టి నల్లగైన మోకు. దాని కింద పండుకుంటే అచ్చే వాసన."

మొగిలయ్య గ్లాసు తీసుకుని, కళ్ళు మూసుకుని గుక్క నోట్లో పోసుకున్నాడు. చాలాసేపు మింగలేదు. మింగాక గ్లాసు మోకాలి మీద పెట్టుకుని, తమ్ముడి తల మీద చెయ్యి వేశాడు.

"ఉన్నది" అన్నాడు.

ఆ మాట నా గురించి అన్నాడో, తమ్ముడి ముక్కు గురించి అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. రాజేశం అడగలేదు.

నాలోది వారం వారం తాగి మూడు నెలల్లో ఖాళీ చేశారు. ప్రతిసారీ ఎల్లమ్మకి సాక పోశాకే. ఇప్పుడు మొగిలయ్య ఇంట్లో నీళ్ళ గోలెం పక్కన ఉన్నాను. పేరు వెలిసిపోయింది. ఊళ్ళో నన్ను రెండు బర్రెల సీసా అంటారు. అంత ధరకి తగినదానివేనా అని ఎవరైనా నన్ను అడిగితే, పీపాలో పడుకున్న ముప్పై ఏళ్ళకి తగినదాన్నే అంటాను. షోకేసులో నిలబడ్డ ఎనిమిదేళ్ళు మాత్రం ఏ ధరకీ ఎక్కువే. వాటిని నా మెడ కింద ఎవరూ రాయలేదు.

ఆదివారం ఆదివారం పొద్దున్నే రాజేశం వస్తాడు. నాలో ఇప్పుడు గంట వయసున్న కల్లు ఉంటుంది. మధ్యాహ్నానికల్లా పులిసిపోయే సరుకు, దాచిపెట్టుకునే వీలు లేనిది. రాజేశం గ్లాసులో పోసుకుని వాసన చూసి "పోద్దాడు" అంటాడు. మొగిలయ్య గ్లాసు లాక్కుని చెవి దగ్గర పెట్టుకుని వింటాడు.

"కాదురా. మళ్ళ సూడు" అంటాడు.

రాజేశం మళ్ళీ చూస్తాడు.